ఓనరు గొంతు

సోమవారం పొద్దున నంద్యాల నుంచి కారు తీసేటప్పటికి నా చేతిలో ఉన్నది ఇంత. కాకినాడ రేవుకు దూరంగా లంగరు వేసుకుని నిలబడిన తాల్యా అనే ఓడ కడుపులో మూడు వేల టన్నుల బియ్యం. రేవు గోడౌనులో ఇంకా ఎక్కాల్సినవి రెండు వందల టన్నులు. ఆ బియ్యాన్ని నా మాట మీద అరువిచ్చిన పదకొండు మంది మిల్లర్లు. ఓడ బయలుదేరాక ఓనరుకు నేను ఇవ్వాల్సిన బాడుగ, కోటీ ఇరవై రెండు లక్షలు, ఇంకా నా దగ్గరే. సంచిలో నాలుగు పేజీల కాగితం ఒకటి. ఆ కాగితంతో పని జరిగితే ఓనరు ఆ బాడుగలో తగ్గిస్తానన్న పదిహేను లక్షలు.

లేనిది ఒక్కటే, వ్యవధి. సరుకంతా ఎక్కి, ఎక్కిందని కెప్టెన్ సంతకం పెట్టిన బిల్లు నా చేతికొస్తేనే కొన్నవాళ్ల బ్యాంకు డబ్బు విడుదల చేస్తుంది. దానికి ఇంకా తొమ్మిది రోజులు గడువు. ఓడేమో పన్నెండు రోజులుగా కదలడం లేదు.

కదలనివ్వనిది ఆళ్ళగడ్డలో పెట్రోలు బంకు నడిపే ఉమామహేశ్వరమ్మ. కాకినాడలో ఆమె తమ్ముడు ఓడలకు డీజిలు పోసే బార్జీ పడవ నడుపుతాడు. పెట్టుబడి ఆమెది. ఏప్రిల్లో ఇదే ఓడకు నూట ఎనిమిది టన్నుల డీజిలు పోశారు. బిల్లు ఎనభై ఆరు లక్షల నలభై వేలు. డబ్బు రాలేదు, ఓడ వెళ్ళిపోయింది. ఆగస్టులో నా బియ్యం కోసం తిరిగి వచ్చింది. రాగానే ఆమె లాయరు హైకోర్టులో పిటిషను వేసి ఓడను అరెస్టు చేయించింది. మనిషిని కాకుండా ఓడనే కోర్టులో నిలబెట్టే చట్టం ఒకటి ఉందని నాకు యాభై నాలుగో ఏట తెలిసింది. ఓనరు ఏ దేశంలో ఉన్నా ఫరవాలేదు. ఓడ మన నీళ్లలో ఉంటే చాలు, బాకీకి పూచీ చూపించేదాకా లంగరు ఎత్తడానికి లేదు. కోర్టు ఉత్తర్వు ఓడ మీద అతికించిన రోజే కెప్టెన్ బియ్యం ఎక్కించుకోవడం ఆపేశాడు.

శిరివెళ్ళ దాటుతుండగా ఫోను మోగింది. బనగానపల్లె మిల్లు జీవన్ కుమార్.

"ఓడ కదిలిందా సామీ?"

"లేదప్పా."

"సరే. ఊరికే అడిగినా."

పన్నెండు రోజులుగా రోజుకు మూడు సార్లు ఊరికే అడుగుతున్నాడు. నా దగ్గర అతని బియ్యం నాలుగు వందల టన్నులు. మిల్లు బ్యాంకు అప్పు మీద నడుస్తుంది. అతను నన్ను తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

ఉమామహేశ్వరమ్మ బంకు అహోబిలం రోడ్డు మలుపులో ఉంది. రెండు పంపులు, ఒక అద్దాల గది. గది నెత్తిన ఎర్ర రంగుతో రాసిన బోర్డు: ఓనరుతో మాట్లాడనిదే అరువు లేదు. అలాంటి బోర్డులు ప్రతి బంకులోనూ ఏదో ఒకటి ఉంటాయి కాబట్టి దాన్ని నేను చదివాను గానీ పట్టించుకోలేదు.

ఆమెకు అరవై దాటి ఉంటాయి. రెండు పంపుల మీటర్లూ కనబడేలా కుర్చీ వేసుకుని, కళ్లద్దాలు దారానికి కట్టి మెడలో వేసుకుని కూర్చుంది. పక్క బల్ల దగ్గర ఆమె కోడలు జ్యోత్స్న. మా వాళ్లు అహోబిలం గుడి వంటశాలలో పనిచేసిన కుటుంబం కాబట్టి ఈ చుట్టుపక్కల నేను ఎన్ని బస్తాలు అమ్మినా సామినే.

"రా సామీ. డీజిలుకొచ్చినావా, ఓడ కోసమొచ్చినావా?"

"రెండింటికీ అక్కా."

"డీజిలైతే రొక్కం. ఓడైతే గురువారం."

గురువారం హైకోర్టులో విచారణ. నేను కుర్చీ లాక్కుని, సంచిలోని కాగితం తీసి బల్ల మీద పరిచాను.

"గురువారం వరకు పోతే నువ్వే నష్టపోతావక్కా. ఏప్రిల్లో నువ్వు డీజిలు పోసినప్పుడు ఆ ఓడ ఓనరు చేతిలో లేదు. షార్జా కంపెనీ ఒకటి అద్దెకు తీసుకునింది. డీజిలు ఖర్చు అద్దెకున్నోళ్లదే అని ఈడ రాసుంది చూడు. ఆ కంపెనీ జూన్లో తలుపులు మూసింది. ఓనరు లాయరు ఈ కాగితం జడ్జి ముందర పెడ్తాడు."

"పెడ్తే?"

"అద్దెకున్నోడు చేసిన బాకీకి ఓనరు ఓడను పట్టుకోకూడదంటారు. ఓడను ఇడిచిపెడ్తారు. ఊరికే ఆపినావని నష్టం నీతో కట్టిస్తారు. అట్లా కడతానని పిటిషనుతో పాటు నువ్వు సంతకం పెట్టినావు గదా."

జ్యోత్స్న తల ఎత్తింది. "రోజుకెంత అడుగుతారు సామీ?"

"ఐదు లక్షలంటాండాడు."

ఆ పిల్ల లెక్క వేసుకుంది. పెదవులు కదిలాయి. పన్నెండు ఐదులు అరవై. గురువారానికి డెబ్బై ఐదు.

ఉమామహేశ్వరమ్మ కాగితం వైపు చూడలేదు. పంపుల వైపు చూసింది. "ఈ జాగా బ్యాంకులో ఉంది సామీ. బార్జీకి దుడ్లు యాడ నుంచి వచ్చినాయనుకున్నావు? ఆయన పోయినాక ఈ రెండు పంపుల మీదే ఇల్లు నడిచింది. ఇది పోతే నేను యాడ కూచ్చోవాల?"

"అందుకే చెప్తాండా. ఓనరు ముప్పై లక్షలిస్తానంటాండాడు. ఈ రోజే సంతకం పెడితే రేపే పంపిస్తాడు. నువ్వు కేసు వాపసు తీసుకో."

"ఎనభై ఆరుకు ముప్పై."

"సున్నా కన్నా మేలు గదా అక్కా."

"ఇందులో నీకెంత?"

ముప్పై ఏళ్లుగా బేరాలు చేస్తున్నాను. అడగాల్సిన ప్రశ్న ఎదుటివాడు మొదట్లోనే అడిగితే మొహం ఎలా పెట్టుకోవాలో నాకు తెలుసు.

"నాకు నా బియ్యం" అన్నాను. అబద్ధం కాదు. పూర్తి లెక్కా కాదు.

ఆమె జవాబు చెప్పేలోపు అవుకు నుంచి నాపరాళ్ల లోడుతో ఒక లారీ లోపలికి వచ్చి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి పంపు దగ్గరి మనిషితో చెప్పాడు. "సాయన్నా, నూటిరవై పొయ్. అరువు."

సాయికి నలభై ఏళ్లుంటాయి. పైపు భుజాన వేసుకుని కదలకుండా నిలబడి, గదివైపు చూశాడు. ఈలోగా జ్యోత్స్న ఫోను తీసి నంబరు నొక్కి, గొంతు బయటికి వినబడేలా పెట్టింది.

"మద్దిలేటన్నా, నీ రాళ్ల బండి వచ్చింది. నూటిరవై లీటర్లు అడుగుతాండాడు."

"పొయ్యిమ్మా."

"అట్లా కాదన్నా. సక్రమంగా చెప్పు."

అవతల పెద్దమనిషి నిట్టూర్చాడు. "నా బండే తల్లీ. దుడ్లు నేనిస్తా. శుక్రవారం ఇస్తా. చాలునా?"

"చాలన్నా." ఆమె చెయ్యి ఊపింది. అప్పుడు సాయి పైపు ట్యాంకులో పెట్టాడు.

డ్రైవరు గొణిగాడు. "మూడేండ్ల నుంచి వస్తాండా. ఇంగా నమ్మకం కుదర్లేదా పెద్దమ్మా?"

"నీ మీద కుదిరిందప్పా" అంది ఉమామహేశ్వరమ్మ. "కట్టేది నువ్వు కాదు గదా."

తర్వాత నావైపు తిరిగి చెప్పింది. ఇరవై ఏళ్ల కింద ఒక డ్రైవరు ఓనరు పేరు చెప్పి పదకొండు సార్లు డీజిలు పోయించుకున్నాడట. ఓనరును అడిగితే ఆ డ్రైవర్ని పని మాన్పించి ఏడాది అయిందన్నాడట. ఆమె భర్త ఆ మరుసటి రోజే బోర్డు రాయించాడు. అప్పటి నుంచి ఓనరు గొంతు వినకుండా ఆ బంకులో ఎవరూ అరువుకు పైపు ఎత్తలేదు.

నవ్వులాటగా అడిగాను. "ఓడకు గూడా ఇట్లనే ఫోను చేసినారా అక్కా?"

ఆమెకు కోపం వచ్చింది. "ఓడైతే ఏంది, లారీ అయితే ఏంది? చక్రాలు ల్యావు, అంతే గదా. మా తమ్ముడికి చెప్పినా, కోడలు ఊఁ అనేదాకా పైపు తగిలించొద్దని."

"చేసినాం సామీ" అంది జ్యోత్స్న. "ఫోనెత్తలా. మెసేజి పెడ్తే గొంతు పంపించినాడు."

జ్యోత్స్న ఇందాక తెప్పించి ఇచ్చిన టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. "ఎవురు? షార్జా కంపెనీవాడా?"

"ఆ కంపెనీ నుంచి మెయిలొచ్చింది. మెయిలు డ్రైవరు చీటీ లాంటిది సామీ, దాన్ని నమ్మి పోస్తామా? ఓడ రిజిస్ట్రేషన్ కాగితం ఫోటో పంపమని మా అత్త తమ్ముడితో చెప్పినా. అందులో ఎవురి పేరుంటే ఆయప్పకు చేసినా. నంబరు కెప్టెనే ఇచ్చినాడు."

"ఆ గొంతు ఉందా?"

జ్యోత్స్న సొరుగు లాగింది. అద్దం పగిలిన పాత ఫోను ఒకటి తీసింది. బంకు అరువులకు వాడే ఫోనట. ఏప్రిల్ నెల వరకు వెనక్కి పోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మధ్యలో ఎందరో లారీ ఓనర్ల పేర్లు. తర్వాత నొక్కింది.

మొదట ఒక దగ్గు. ఆ దగ్గు నాకు తెలుసు. శనివారం నాతో పదిహేను లక్షల మాట చెప్పే ముందు కూడా ఆ మనిషి అలాగే దగ్గాడు. ఓర్హాన్, తాల్యా ఓనరు. ఇంగ్లీషులో నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. మేడం, ఓడ నాది. డీజిలు నింపండి. ఆ కంపెనీ సంగతి మీరు పట్టించుకోకండి, డబ్బు నేను పంపుతాను. రేపు పొద్దున ఓడ బయలుదేరాలి. ఇరవై మూడు సెకన్లు. ఏప్రిల్ పదకొండు, సాయంత్రం ఐదూ పది. డీజిలు పోసింది పన్నెండో తేదీ.

"ఇది మీ లాయరమ్మకు ఇచ్చినారా?"

"ఆమె కాగితాలడిగింది. ఉన్న కాగితాలన్నీ ఇచ్చినాం."

"ఈ గొంతు సంగతి చెప్పలేదా?"

ఉమామహేశ్వరమ్మ నన్ను వింతగా చూసింది. "అది చెప్పేదేముంది సామీ? గొంతు వినకుండా యాడన్నా పోస్తారా?"

పైపు మూతి తుడవడం ఎలాంటి పనో ఆమెకు ఇదీ అలాంటి పనే. తుడిచామని జడ్జికి ఎవరు చెబుతారు?

నేను టీ తాగాను. చల్లారిపోయింది. అయినా ఆఖరి చుక్క దాకా తాగాను, లెక్క వేసుకోవడానికి ఆమాత్రం సమయం కావాలి.

నేను నోరు మూసుకుంటే చాలు. ఈమె ముప్పైకి ఒప్పుకున్నా సరే, ఒప్పుకోక గురువారం ఓడిపోయినా సరే, ఓడ కదులుతుంది. నా బియ్యం పోతుంది, మిల్లర్ల బాకీ తీరుతుంది. ఒప్పుకుంటే పదిహేను లక్షలు అదనం. ఈ బంకు ఏమవుతుందో నా పద్దు కాదు. వ్యాపారం చేసేవాడు ఇతరుల పద్దులు నెత్తికెత్తుకుంటే తన పద్దు మునుగుతుంది, ఈ మాట నేనే నలుగురికి చెప్పాను.

అవతలి వైపు కూడా లెక్క వేశాను. తన గొంతుతో తానే చెప్పిన మాటను ఓర్హాన్ నాలుగు నెలల్లో మింగేశాడు. ఎనభై ఆరు లక్షల కోసం. నా పదకొండున్నర కోట్ల బియ్యం అతని ఓడ కడుపులో ఉంది. ఓడ ఇక్కడి నుంచి కదిలి నడిసముద్రం చేరాక, ఇంకో ఇరవై లక్షలిస్తేనే బియ్యం కొన్నవాళ్లున్న జిబూతిలో దింపుతానంటే నేను ఏ కోర్టుకు పోవాలి? ఏ నీళ్లలో పట్టుకోవాలి? అతను ఇస్తానన్న పదిహేను లక్షలు కూడా ఫోనులో చెప్పిన మాటే. ఆ మాటను నేను రికార్డు చేసుకోలేదు. ఈమె అయితే చేసుకునేది.

"జ్యోత్స్నా, ఆ ఫోను ఎవురికీ ఇయ్యొద్దు" అన్నాను. "లాయరమ్మకు ఇప్పుడే ఫోను చెయ్. ఓనరు తానే డబ్బిస్తానని చెప్పినాక, అద్దె కాగితంలో ఏముంటే ఏం? నేను తెచ్చిన ఈ నాలుగు పేజీలతో పొట్లాలు కట్టుకోవచ్చు."

 బయట మీటరు టిక్కుటిక్కుమంటూ నూట ఇరవై దగ్గర ఆగింది. ఉమామహేశ్వరమ్మ కళ్లద్దాలు చీర కొంగుతో తుడుచుకుంది.

"బెదిరించేదానికి వచ్చినావు. ఇప్పుడు నువ్వే చెప్తాండావు. ఎందుకు?"

"మాట మింగేవాడి ఓడలో నా బియ్యముంది గాబట్టి."

"ఇందాక నీకెంత అంటే బియ్యమన్నావు."

"పదిహేను లక్షలు" అన్నాను.

"ఇప్పుడో?"

"పోయినాయి."

ఆమె నవ్వింది. పన్నెండు రోజుల్లో నా ఎదుట ఒక మనిషి నవ్వడం అదే మొదలు. "ఇంగో టీ తెప్పించు జ్యోత్స్నా. సామికి శానా నష్టమొచ్చింది."

విజయవాడలో ఉన్న లాయరు పద్మప్రియ ఆ ఇరవై మూడు సెకన్లూ రెండుసార్లు వింది.  "జ్యోత్స్న గారూ, దీన్ని నాలుగు నెలలు సొరుగులో పెట్టుకున్నారా?" అంది. తిట్టలేదు గానీ తిట్టినంత పనైంది. ఫోను అలాగే భద్రంగా తేవాలి, అందులోది ఏదీ చెరపకూడదు, కోర్టుకు కావాల్సిన ధ్రువపత్రం తాను రాసి పంపుతుంది, జ్యోత్స్న సంతకం పెట్టాలి.

"లాయరమ్మా, ఇంకొక సంగతి" అన్నాను. "దీంతో ఈమె గెలుస్తుంది సరే. గెలిచినా ఓనరు పూచీ పెట్టకపోతే ఓడ ఆడనే ఉంటుంది. నా గడువు తొమ్మిది రోజులే. ఓనరుకు ఇవ్వాల్సిన బాడుగ కోటీ ఇరవై రెండు లక్షలు నా దగ్గరుంది. దాన్ని ఆయనకివ్వకుండా కోర్టులో కడితే?"

కాగితాల చప్పుడు వినిపించింది. "వడ్డీ, ఖర్చులతో మన క్లెయిము తొంభై ఏడు లక్షలు. అది పూచీగా సరిపోతుంది. ఓనరు ఒప్పుకుంటే ఓడను అదే రోజు వదులుతారు. ఒప్పుకోకపోతే, ఆ డబ్బు మీ చేతిలో ఉందని మేమే కోర్టుకు చెప్పి అడుగుతాం. మీరు వచ్చి అవునని చెప్తారా?"

"చెప్తాను."

బాడుగ చక్రం కదిలాకే ఇవ్వాలన్నది లారీల కాలం నుంచి నా అలవాటు. పిసినారితనమని మా ఇంట్లో అంటారు. ఆ అలవాటు వల్ల ఓడకు తాళంచెవి నా జేబులోనే ఉందని నాకు ఆ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది.

ఉమామహేశ్వరమ్మతో అక్కడే మాట అనుకున్నాం. కోర్టులో డబ్బు పడిన గంటలో ఆమె ఓడకు అడ్డు చెప్పదు. ఈలోగా మిగిలిన రెండు వందల టన్నులు ఎక్కించుకోవడానికి అభ్యంతరం లేదని లాయరు ద్వారా రాసిస్తుంది. ముప్పై మాట మళ్లీ ఎత్తకూడదు. "తొంభై ఏడులో ఒక్క రూపాయి తగ్గను. దారి ఖర్చులు గూడా అడుగుతా" అంది. అడగమన్నాను, ఆ ఖర్చులు నావి కావు.

ఓర్హానుకు నేనే ఫోను చేశాను. గొంతు సంగతి ఎత్తవద్దని పద్మప్రియ గట్టిగా చెప్పింది. నా వచ్చీరాని ఇంగ్లీషులో రెండే ముక్కలు చెప్పాను. ఆమె ముప్పైకి ఒప్పుకోలేదు. బాడుగ నీకు కాదు, కోర్టులో కడతాను.

దగ్గు వినిపించింది. "ఎందుకు? శనివారం మీరు అలా అనలేదే. వాళ్ల దగ్గర ఏముంది?"

"పెట్రోలు బంకు ఉంది" అన్నాను.

 ఆ తర్వాత అతను అడిగిన మాటకు నా వీపు నిటారైంది. "ఇంగ్లీషు మాట్లాడే ఒక అమ్మాయి ఉండాలి అక్కడ. ఆమె ఫోను ఇంకా పనిచేస్తోందా?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పకపోవడమే జవాబని అతనికి అర్థమైనట్టుంది. కేసు కోసం చెన్నై వచ్చి లాయరు దగ్గరే ఉన్నానన్నాడు. రేపు పొద్దున కారులో బయలుదేరతానన్నాడు. సముద్రం లేని మీ ఊరికి దారి పంపించమన్నాడు. దేనికి వస్తున్నాడో చెప్పలేదు. డబ్బు తెస్తాడో, ఫోను అడుగుతాడో చెప్పలేదు.

ఓనరు వస్తున్నాడని చెబితే జ్యోత్స్న ఆ ఫోను సొరుగులో పెట్టి తాళం వేసింది. తాళంచెవి అత్తకిచ్చింది. ఉమామహేశ్వరమ్మ దాన్ని కళ్లద్దాల దారానికి గుచ్చుకుని మెడలో వేసుకుంది.

"రానీ" అంది. "గొంతు విన్నాం. మొగం గూడా చూద్దాం."

లేవబోతే గుర్తు చేసింది. "డీజిలుకు గూడా వచ్చినానన్నావు."

"ఇరవై లీటర్లు పొయ్యమను అక్కా. వచ్చేవారం ఇస్తా. ఓనర్ని నేనే, గొంతు ఎదురుగానే వింటాండావు."

"విన్నా. ఇందాక పూర్తి లెక్క చెప్పని గొంతే గదా. రొక్కం తీయ్."

తీశాను. కారు రోడ్డెక్కాక జీవన్ కుమార్ ఫోను వచ్చింది. ఓడ కదిలిందా అని అడిగాడు. ఇంకా లేదు, కానీ గోడౌనులో మిగిలిన బస్తాలు ఓడ దగ్గరికి చేర్చే పడవలకు ఎక్కించడానికి కాకినాడలో మనుషుల్ని మాట్లాడుకోమన్నాను. అవతల ఏదో పడేసిన చప్పుడైంది. ఈసారి ఊరికే అడిగినా అనలేదు.

నంద్యాల చేరేదాకా ఆ రోజు లెక్క చూసుకున్నాను. పోయినవి పదిహేను లక్షలు, అవి నా చేతికి ఎన్నడూ రానివి. రొక్కంగా పోయింది ఇరవై లీటర్ల డీజిలు ఖరీదు, అది కారులోనే ఉంది. వచ్చినవి, మూడు వేల రెండు వందల టన్నుల బియ్యానికి ఒక దారి, దానికి కావాల్సిన డబ్బు నా దగ్గరే ఉందన్న తెలివి, నాకు ఒక్క లీటరు అరువివ్వని ఆడమనిషి ఓడ విషయంలో నా మాటకు ఇచ్చిన ఒప్పుదల. వీటన్నిటికీ వెల కట్టగలిగాను. రేపు సాయంత్రం నేను లేచి వచ్చిన ఆ కుర్చీలోనే వచ్చి కూర్చోబోయే మనిషిని మాత్రం లాభంలో వేయాలో నష్టంలో వేయాలో తేలక, ఆ ఒక్క గడి ఖాళీగా వదిలాను.